తువ్వాలు వెనక పాటలు

కొత్త డిస్కు మీద చుట్టి ఉండే పల్చటి ప్లాస్టిక్ కాగితాన్ని నేను కత్తెరతో కోయను. ఒక మూల గోటితో లేపి మెల్లగా ఒలుస్తాను. మా ఆయన పక్కన కూర్చుని, "చిక్కుడుకాయలు కూడా ఇంత శ్రద్ధగా ఒలవవు కదా గ్రేసూ" అంటారు. అననీ. ఫోన్లో వేలు పెట్టి నొక్కితే వందల సినిమాలు వచ్చి పడే రోజుల్లో డబ్బాల్లో సినిమాలు కొని అలమరలో పేర్చుకునే ఆడమనిషిని చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. కానీ ఫోన్లో ఇవాళ ఉన్న సినిమా రేపు వెతికితే ఉండదు. ఎవరు తీశారో, ఎందుకు తీశారో చెప్పే నాథుడుండడు. నా అలమరలోది మాత్రం పెట్టిన చోటే ఉంటుంది. దాన్ని తీసి, వెనక అట్ట మీద రాసింది చదివి, మళ్లీ పెట్టేయడంలో కూడా నాకు ఒక సుఖం ఉంది. దుకాణంలో చీర మడత విప్పి చూసి మళ్లీ మడిచే సుఖం లాంటిదే అది. చీరల వాళ్లను ఎవరూ పిచ్చివాళ్లనరు మరి.

పోయిన నెల మూడు డిస్కులు ఒక్కసారే వచ్చాయి. మూడూ నా చిన్నప్పటి సినిమాలే. ఏ గోదాములోనో ముక్కిపోతున్న నెగటివులను వెతికి పట్టుకుని, గీతలు తుడిచి, రంగులు సరిచేసి మళ్లీ విడుదల చేశారట. వాటి అసలు పేర్లు నేను చెప్పను. ఎందుకంటే మా ఇంట్లో సినిమాలకు అసలు పేర్లు ఉండేవి కావు. ఒకటి కోర్టు సినిమా, ఒకటి కవలల సినిమా, మూడోది పడవ సినిమా. నేనూ మా తమ్ముడు శామ్యూలూ ఇప్పటికీ వాటిని ఈ పేర్లతోనే పిలుచుకుంటాం. కోర్టు సినిమా వచ్చిన రోజే చూసేశాను. విలన్ కోటు నల్లదని ఇన్నేళ్లూ అనుకున్నాను; అది నేరేడుపండు రంగట. మేము చూసిన క్యాసెట్‌లో ఆకాశం కాస్త ఆకుపచ్చగా, మనుషుల ముఖాలు జ్వరం వచ్చినట్టు ఎర్రగా ఉండేవి. ఇప్పుడు ఆకాశం నీలంగా ఉంది, హీరో మెడ దగ్గర మేకప్ ఎక్కడ ఆగిపోయిందో కూడా తెలుస్తోంది. కవలల సినిమాను మాత్రం మరీ కడిగేశారు. ముసలి తల్లి పాత్ర ముఖం మీద ఒక్క ముడత మిగల్లేదు. దుమ్ము దులపమంటే గోడ సున్నం కూడా గీకేశారన్నమాట. అయినా ధ్వనిని ముట్టుకోకుండా ఉన్నదున్నట్టు ఉంచారు, అందుకు వాళ్లకు నా వందనాలు.

మూడో డిస్కు కాగితం మాత్రం ఒలవలేదు. పడవ సినిమా ఎన్నడూ టీవీలో రాలేదు, ఫోన్లో దొరకలేదు. దాన్ని నేను ఒకే ఒక్కసారి, పదకొండేళ్ల వయసులో చూశాను. చూశాను అనడం కూడా తప్పే. అందులోని పాటలను నేను చూడలేదు. ఆ రోజు మా గదిలో ఉన్న వాళ్లలో పాటలను కళ్లతో చూసింది ఒక్క ఎస్తేరత్తే అని మేము నలభై ఏళ్లుగా నమ్ముతున్నాం. అందుకని ఆ డిస్కును ఆమె పక్కన కూర్చునే చూడాలని పట్టుబట్టాను. ఎస్తేరత్త మా నాన్న చెల్లెలు. పంజాగుట్టలో ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు, ఎందుకని అడిగితే "డ్యూటీల టైమ్ దొరకలే" అనేది. ఇప్పుడు డెబ్బైకి దగ్గర పడింది. అమీర్‌పేటలో మా పాత ఇల్లున్న గల్లీలోనే, ఆ ఇల్లు పడగొట్టి కట్టిన అపార్ట్‌మెంటులో మూడో అంతస్తులో ఉంటుంది.

ఆ పాత ఇల్లు రెండు గదులు, ఒక వంటిల్లు, ముందు నాపరాళ్లు పరిచిన చిన్న వాకిలి. అప్పుడు అమీర్‌పేటలో ఇన్ని బోర్డులు లేవు. ఇప్పుడు కంప్యూటరు కోర్సుల ఫ్లెక్సీలు వేలాడే చోట మా నాయనమ్మ ఎండుమిరపకాయలు ఆరబోసేది. ఇంట్లో పెత్తనమంతా ఆమెదే. మెదక్ వైపు పొలం పనులు చేసుకునే కుటుంబంలో పుట్టి, పట్నం వచ్చి, ఒక మిషన్ బడిలో ఆయాగా చేసి ఇద్దరు పిల్లలను చదివించింది. ఆమె చదవగలిగింది బైబిలు ఒక్కటే. అది మాత్రం ఎక్కడ తెరిచినా గడగడా చదివేది. కొబ్బరినూనె, నాఫ్తలీన్ ఉండలు, వేయించిన కాఫీగింజల వాసన కలిస్తే మా నాయనమ్మ. మా సంఘంలో సినిమా హాలుకు వెళ్లడం పాపం. సినిమాకు వెళ్లి దొరికిన వాళ్లను ఆదివారం ప్రార్థన అయ్యాక పాస్టరు అయ్యగారు పక్కకు పిలిచేవారు. మా నాన్నేమో సినిమా అంటే ప్రాణం పెట్టే మనిషి, తల్లికి భయపడి గోడల మీది పోస్టర్లతోనే కడుపు నింపుకునేవాడు. అలాంటి రోజుల్లో మా వీధి చివర వీడియో క్యాసెట్ల లైబ్రరీ తెరిచారు.

నాన్న తెలివిగా మొదట యేసు ప్రభువు జీవితం క్యాసెట్ తెచ్చాడు. కలర్ టీవీ, క్యాసెట్లు ఆడించే వీసీపీ రెండూ అద్దెకు రిక్షాలో వచ్చాయి. నాయనమ్మ ఆ సినిమాను కన్నీరు మున్నీరుగా ఏడుస్తూ చూసింది. అది అయిపోయాక, సామాను సాయంత్రం దాకా మనదే కదా, ఉత్తగా ఎందుకు ఉండాలని నాన్న ఇంకో క్యాసెట్ బయటికి తీశాడు. నాయనమ్మ చాలాసేపు ఆలోచించి తీర్పు చెప్పింది. "హాలుకు పోవుడు పాపం. గిది హాలు గాదు, మన ఇల్లు. మన ఇంట్ల మనం ఏం జేస్తున్నమో దేవునికి ఎరుకే గదా, దాసిపెట్టుడేమున్నది?" ఆ రోజు నుంచి నాన్నకు సెలవుండే ప్రతి రెండో శనివారం పొద్దున రిక్షా రావడం, పక్కింటి వాళ్లు చాపలు తెచ్చుకోవడం మొదలైంది. తిలాపాపం తలా పిడికెడు.

సినిమాకు ముందు ప్రార్థన ఉండేది. నాయనమ్మ టీవీ ముందు నిలబడి, కొంగు తలమీదికి లాక్కుని, "ప్రభువా, గీ పెట్టెల మంచి ఉంటే మా కండ్లకు చూపియ్యి, చెడు ఉంటే కరెంటు తియ్యి" అని అడిగేది. అమీర్‌పేట కరెంటు సంగతి దేవుడి కంటే మాకే బాగా తెలుసు. ఒకసారి 'ఆమెన్' అనగానే నిజంగానే పోయింది. శామ్యూల్ భయపడి మంచం కిందికి దూరాడు. పది నిమిషాల్లో తిరిగొస్తే నాయనమ్మ తాపీగా, "మన్నించిండు, పెట్టు" అంది. ఆమెతో వాదించడం అనవసరం. ఆమె తర్కం ఎప్పుడూ ఎక్కడో ఒక సందు వదిలేది, ఆ సందులోంచే మా సంతోషాలన్నీ ఇంట్లోకి వచ్చాయి.

చిక్కంతా పాటల దగ్గర వచ్చింది. తల్లి పాడితే పరవాలేదు, బిచ్చగాడు పాడితే పరవాలేదు. ఆడా మగా కలిసి పాడితే మాత్రం పిల్లలు చూడకూడదు. ముందుకు తిప్పేద్దామంటే, ఆడుతున్న టేపును అలా తిప్పితే చుట్టుకుపోతుందని లైబ్రరీ ఆయన మరీ మరీ చెప్పి వెళ్లాడు. టీవీ మీద గుడ్డ కప్పుదామంటే లోపల వేడెక్కి పిక్చర్ ట్యూబ్ కాలిపోతుందని నాన్న. దాంతో నాయనమ్మ ఒక పద్ధతి కనిపెట్టింది. వయొలిన్లు మొదలవగానే "ఎస్తేరూ, తువ్వాలు!" అని కేక పెట్టేది. అత్త లేచి, నీలం గళ్ల తువ్వాలును నడుము వెనకనుంచి రెండు చేతులతో రెక్కల్లా చాపి పట్టుకుని, మాకు వీపు పెట్టి, టీవీకి జానెడు దూరంలో నిలబడేది. పాట అయ్యేదాకా అంతే. పాట వినడానికి మాత్రం అభ్యంతరం లేదు. "దేవుడు కండ్లకు రెప్పలు పెట్టిండు, చెవులకు పెట్టలే. ఇనుడు పాపమైతే చెవులకు సుత పెడుతుండె" అని నాయనమ్మ సిద్ధాంతం. అసలు సంగతేమిటంటే ఆమెకు పాటలంటే మహా ఇష్టం. చాప మీద కూర్చుని కాలి బొటనవేలుతో తాళం వేసేది, మేము చూస్తే ఆపేసేది.

ఆ పద్ధతిలో పొరపాట్లూ జరిగేవి. అన్నాచెల్లెళ్ల పాటను ప్రేమపాట అనుకుని మొత్తం తువ్వాలు చాటున దాచేశారు. తల్లిపాట కదా అని వదిలేస్తే మధ్యలో హీరో కలలోకి జారుకున్నాడు. అత్త పరిగెత్తబోయి చాప మీది వాళ్ల వేళ్లు తొక్కింది. ఏమైనా, నా చిన్నతనంలో ప్రేమపాట అంటే ఎస్తేరత్త వీపు. రాత్రి డ్యూటీ దిగి వచ్చి, తలంటుకుని వదులుగా అల్లుకున్న జడ, దాని చివర తడి, ఆసుపత్రి స్పిరిట్ వాసన. చరణాల మధ్య సంగీతం హోరెత్తినప్పుడు ఆ జడ కొంచెం అటూ ఇటూ ఊగేది. ఆ ఊగడం చూసి లోపల ఏదో గొప్పది జరుగుతోందని మేము లెక్కగట్టేవాళ్లం. గదిలో పదిహేను మంది ఉన్నా బొమ్మ కనిపించేది ఆమె ఒక్కదానికే. నాకు అసూయతో కడుపు మండిపోయేది. పెద్దయ్యాక ఏమవుతావని బళ్లో అడిగితే తువ్వాలు పట్టుకుంటానని చెప్పాలనిపించేది.

సినిమా అయ్యాక అత్త వంటింట్లో వండడానికి కూర్చుంటే నేనూ శామ్యూలూ వెనకే చేరేవాళ్లం. "పాటల ఏముండె అత్తా?" అని ఒకటే గోల. "జర ఆగుండ్రి, ఉల్లిగడ్డ కోయనియ్యుండ్రి" అని ఊరించి ఊరించి చెప్పేది. అలా చెప్పిన వాటిలో మకుటం పడవ పాట. సినిమాలో ఆ పాటకు ముందు హీరో హీరోయిన్ పోట్లాడుకుని విడిపోతారు. పాట అయ్యాక చూస్తే చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఉంటారు, హీరో తలకు తెల్లటి కట్టు. మధ్యలో ఏం జరిగిందో తెలియక మా ప్రాణాలు కొట్టుకున్నాయి.

"పెద్ద నది. అవతలి ఒడ్డు కనవడది" అని మొదలుపెట్టింది అత్త. "పడవల గా పిల్ల ఒక కొసకు, గాయన ఒక కొసకు. అలిగిండ్రు గదా, మాట్లాడుకుంటలేరు. పడవ నడిపేటాయన ముసలాయన, కండ్లు కానరావు."

"కండ్లు కానరాకుంటే పడవెట్ల నడుపుతడు?" అన్నాడు శామ్యూల్.

"నీళ్ల చప్పుడు ఇనుకుంట నడుపుతడు. చప్పుడు మారితే ఒడ్డొచ్చినట్టు. గాలి లేసింది. పిల్ల మెడల పూలదండ నీళ్లల్ల పడ్డది. అది తల్లి ఇచ్చిన దండ. గాయన దూకిండు. రాయి తగిలి తల పలిగింది. గిప్పుడు గా పిల్ల ఏం జెయ్యాలె?"

"కట్టు కట్టాలె!" అన్నాను నేను.

"కడగకుండ కట్టు కట్టొద్దు, చీము వడ్తది. ముందుగాల ఉప్పునీళ్లతోని కడిగింది. ముసలాయన తాన వల కుట్టే సూది ఉండె. దాన్ని మంట మీద కాల్చి మూడు కుట్లేసింది. గాయన కుయ్ అనలే. చివరికి చీర కొంగు చింపి కట్టు కట్టింది."

ఆ పాట నాకు సినిమా మొత్తం కంటే ఎక్కువ. ఆ నదిని, గాలికి రెపరెపలాడే దీపాన్ని, సూది కొసన మెరిసే మంటను నేను ఎన్నిసార్లు చూసుకున్నానో. నాకు సినిమా పిచ్చి పట్టించింది నిజానికి నేను చూడని పాటే. కేబుల్ టీవీ వచ్చాక కొన్ని పాటలు కంటపడ్డాయి. కవలల సినిమాలో అత్త చెప్పిన ఏనుగు లేదు. అడిగితే, "టీవీల కట్ జేస్తరు బిడ్డా, మన క్యాసెట్ల ఉండె" అంది. క్యాసెట్లు రకరకాలుగా ఉండేవన్నది నిజమే కాబట్టి నేనూ ఊరుకున్నాను. కాస్త రంగు పూసి చెప్పేదేమో అనిపించేది గానీ పడవ మాత్రం ఉండే ఉంటుంది. పడవ నాకు కావాలి.

పడవ సినిమా వచ్చిందని ఫోన్ చేసి, కలిసి చూద్దామంటే అత్త సాకులు వెతికింది. మొదట కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలంది. తర్వాత స్త్రీల సమాజం మీటింగ్ అంది. మూడోసారి టీవీ ఖరాబైంది అంది. శామ్యూల్ నోట్లో నువ్వుగింజ నానదు. "టీవీ మంచిగనే ఉన్నదక్కా, మొన్న నేను పోతే సీరియల్ చూస్తుండె" అని చెప్పేశాడు. ఇక లాభం లేదని, ఒక శనివారం పొద్దున చెప్పకుండానే డిస్కునూ, నా డిస్కు ప్లేయర్‌నూ సంచిలో పెట్టుకుని మియాపూర్‌లో మెట్రో ఎక్కాను. స్టేషన్‌లో సంచి తనిఖీ చేసిన అమ్మాయి ప్లేయర్‌ను అటూ ఇటూ తిప్పి, "ఇది ఏం మిషన్ మేడమ్?" అంది. సినిమాలు చూసే మిషన్ అంటే, "మరి ఫోన్ లేదా మీకు?" అని జాలిగా చూసింది.

అమీర్‌పేటలో దిగి, వీపు సంచుల పిల్లలను తప్పించుకుంటూ, కరపత్రాలు చేతిలో కుక్కే వాళ్లకు నా వయసు చూపిస్తూ గల్లీలోకి వచ్చేసరికి పదయింది. నాక్కూడా డేటా సైన్స్ కాగితం ఒకటి దొరికింది. తలుపు తీసిన అత్త నన్ను చూసి, తర్వాత సంచిని చూసింది.

"ఏందే గ్రేసూ, చెప్పకుండ వచ్చినవ్? గా డబ్బా తెచ్చినవా?"

"తెచ్చినత్తా."

"పూర్తిదేనా? కట్ జేసిందా?"

"పూర్తిది. ఒక్క ముక్క సుత కొయ్యలేదని అట్ట మీద రాసిండ్రు."

ఆమె ముఖం చిన్నబోయింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేనేమీ అడగకుండానే, "అప్పటి పాటలు యాదికుంటయా ఏంది, నలభై ఏండ్లాయె" అంది. అల్లం టీ పెట్టింది. బిస్కెట్లు తెచ్చింది. గొంతు బాగా లేదంది, తర్వాత కొత్త దుప్పట్లు చూడమంది. నేను తీగలు తగిలిస్తూనే ఉన్నాను. ఒక్క మాట చెప్పాలి, ఆ క్షణాన నాకూ భయంగానే ఉంది. పడవ లేకపోతే ఏం చేయాలి? కానీ ఇంత దూరం వచ్చాక వెనక్కి తగ్గే రకం కాదు నేను. డిస్కు మీది కాగితం తీశాను. ఆ రోజు మొదటిసారి కత్తెర అడిగి కోశాను, ఆత్రం ఆగక.

సినిమా మొదలైంది. నది నీళ్లలా తేటగా ఉంది బొమ్మ. అత్త మెల్లగా దాంట్లో పడిపోయింది. ఆసుపత్రి సీను రాగానే, "సెలైన్ బాటిల్ గట్ల పెడ్తరా ఎవలన్న? పేషంటు సస్తడు" అని కోప్పడింది. హీరో తల్లి చనిపోతే కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. పోట్లాట అయింది. తలుపు ధడాలున మూసి హీరో వెళ్లిపోయాడు. వయొలిన్లు. ఒక్కో స్వరం నాకు కంఠతా వచ్చు. నేను ముందుకు వంగాను. నలభై ఏళ్ల తర్వాత తెర మీద కనిపించింది ఒక పార్కు. సిమెంటు గొడుగులు, కత్తిరించిన పొదలు, ఎర్ర రుమాలు మెడకు చుట్టుకుని హీరో. సరే, నది తర్వాత వస్తుందేమో. పల్లవి అయింది. ఫౌంటెన్ వచ్చింది. మొదటి చరణంలో చిన్న గుంటలో నాలుగు బాతులు వచ్చాయి. నీళ్ల దాకా వచ్చాం కదా, పడవ ఇంకెంతో దూరం లేదనుకుంటూ, "పడవ ఎప్పుడొస్తదత్తా?" అని పక్కకు తిరిగాను.

ఎస్తేరత్త కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుంది. పాట నడుస్తుండగా ఆమె ముఖం చూడటం నా జన్మలో అదే మొదటిసారి. సూది మందుకు చెయ్యి చాపిన పిల్లలా కళ్లు బిగించి, పెదవులు మాత్రం పాటతో కదులుతున్నాయి, తల కొంచెం అటూ ఇటూ ఊగుతోంది. నేను రిమోట్ నొక్కి ఆపాను.

"అయిపోయిందా?" అంది, కళ్లు తెరవకుండానే.

"అయిపోలే. కండ్లెందుకు మూసుకున్నవత్తా?"

"అలవాటు."

"ఎప్పటి సంది?"

అత్త కళ్లు తెరిచి నన్ను చూడకుండా టీ గ్లాసును చూసింది. "అమ్మ మాట తీస్కున్నది బిడ్డా. మొదటి రోజే. 'నువ్వు సుత పెండ్లి గాని పిల్లవే, పట్టుకుంటవు గని చూడొద్దు' అన్నది. సరే అన్న. పాట ఇనుకుంట నిలవడేదాన్ని, చప్పుడు మారితే అయిపోయినట్టు."

"ఒక్కసారి సుత చూడలే?"

"మాటిచ్చినంక ఎట్ల చూస్త? ఇప్పటికీ టీవీల పాటొస్తే లేసి నీళ్లు తాగొస్త."

"మరి పడవ? ముసలాయన? ఏనుగు?"

"మీరిద్దరు మొఖాలు ఏలాడేసుకొని వంటింట్లకొచ్చి కూసుంటే ఏం జెప్పాలె? నేను సుత చూడలే అంటే ఏడుస్తుంటిరి. ఒక్కరన్న చూసిండ్రని మీకు ఉండె గదా, అది ఎందుకు తీసెయ్యాలె? దేవుడు మన్నించాలె, అన్నీ అబద్ధాలే." ఆమె కొంగు కొసను వేలికి చుట్టుకుంది. "గీ డబ్బా వచ్చిందని నువ్వు ఫోన్ జేసినప్పటి సంది నిద్ర పడ్తలేదు. అత్త అబద్ధాలకోరు అనుకుంటవని."

నాకు ఒక్కసారి నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. చిన్నతనమంతా నేను అసూయపడ్డ మనిషికి మా కంటే తక్కువే దక్కింది. మేము కనీసం ఆమె జడను చూశాం. ఆమె చీకట్లో నిలబడి, చేతులు నొప్పెట్టేలా తువ్వాలు పట్టుకుని, విన్న పాటల్లో నదినీ గాలినీ తనే పుట్టించుకుని, అది తెచ్చి మాకు వడ్డించింది. నీళ్ల చప్పుడు వింటూ పడవ నడిపిన ఆ గుడ్డి ముసలాయన ఎవరో నాకు అప్పుడు తెలిసింది. ఆమె ప్రతి పాటలోనూ ఎవరికో ఒకరికి దెబ్బ తగిలి, ఎవరో ఒకరు సరిగ్గా కడిగి కట్టు కట్టడం ఎందుకు జరిగేదో కూడా అర్థమైంది. ఇన్నేళ్లు సినిమాలు చూసి, వాటి గురించి పెద్ద తెలిసినట్టు మాట్లాడే నాకు ఇంత చిన్న సంగతి తట్టలేదు.

"అత్తా, నాయనమ్మ ఏమన్నది, మల్ల చెప్పు?" అన్నాను.

"పట్టుకుంటవు గని చూడొద్దు అన్నది."

"అంటే పట్టుకున్నప్పుడు చూడొద్దని గదా? ఇప్పుడు నీ చేతుల ఏమున్నది? టీ గ్లాసు."

అత్త అనుమానంగా చూసింది.

"హాలు పాపం, ఇల్లు పాపం కాదు అన్నది ఆమెనే. తువ్వాలు పట్టుకుంటే చూడొద్దు, పట్టుకోకుంటే చూడొచ్చు. ఆమె లెక్క ప్రకారమే చెప్తున్న."

ఆమె టీ గ్లాసును రెండు చేతుల మధ్య తిప్పుతూ కూర్చుంది. కిందనుంచి కోచింగ్ సెంటర్ల పిల్లల గోల, ఏదో బండి హారన్. నేను మళ్లీ బతిమాలలేదు. ఆమె వద్దంటే డిస్కు తీసేసి సంచిలో పెట్టుకుందామని నిజంగానే అనుకున్నాను. మాటను నలభై ఏళ్లు మోసిన మనిషిని తొందర పెట్టే హక్కు నాకు లేదు. చివరికి అత్త టీ గ్లాసును కూడా బల్ల మీద పెట్టేసింది. ఖాళీ చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, కళ్లద్దాలు సరిచేసుకుని, "మొదటి సంది పెట్టు" అంది.

పెట్టాను. ఈసారి నేను తెర చూడలేదు, ఆమెను చూశాను. వయొలిన్లకు రెప్పలు అలవాటుగా వాలబోయాయి, ఆమె వాటిని బలవంతంగా ఆపింది. పార్కు వచ్చింది. బాతులు వచ్చాయి. హీరోయిన్ ఆరు చీరలు మార్చింది. రెండో చరణంలో హీరో చేతులు చాపుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ వెళ్లి, పిల్లల ఉయ్యాలకు తల కొట్టుకుని ధబ్బున కూలబడ్డాడు. హీరోయిన్ పకపకా నవ్వి తన తెల్ల రుమాలు తీసి తలకు కట్టింది. కోపం పోయింది. అంతే. అదే ఆ కట్టు వెనక కథ.

అత్త నోరు తెరిచింది. "గింతేనా?" అంది. "గీ ఉయ్యాల దెబ్బకా నేను మూడు కుట్లేసింది?" అని మొదలుపెట్టిన నవ్వు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ల నీళ్లు కారుతూ, ఊపిరందక నా భుజం మీద వాలిపోయింది. నేనూ నవ్వుతున్నాను. శామ్యూల్‌కు ఫోన్ చేశాం, మాట రాక ఇద్దరం నవ్వుతుంటే వాడు భయపడి, "ఏమైందక్కా, ఆసుపత్రికి రావాల్నా?" అన్నాడు.

ఇప్పుడు ఆలోచిస్తే, ఆ రోజులు గొప్పవి, ఈ రోజులు చెడ్డవి అనబుద్ధి కావడం లేదు నాకు. మా వయసు వాళ్లు ఆ మాట తేలిగ్గా అనేస్తాం. అప్పుడు దొరికిన కొంచెంతోనే ఎంతో చేసుకున్నాం, నిజమే. కానీ ఒక ఆడపిల్ల తన వయసు పాటలన్నిటినీ కళ్లు మూసుకుని విన్నది కూడా అప్పుడే. పడవ పోయిందని బాధ లేదా అంటే, పోలేదు. అది డిస్కులో లేదు, అంతే తేడా. అసలు పాట కంటే మా అత్త పాటే బాగుందని సినిమాలు తెలిసిన మనిషిగా చెబుతున్నాను. కానీ అసలు పాట చూడటం ఆమె హక్కు. అది ఆలస్యంగానైనా ఆమెకు నా చేతుల మీదుగా అందినందుకు నేను కొన్న డిస్కులన్నిటికీ ఆ ఒక్కరోజుతో న్యాయం జరిగిందనుకుంటాను.

మధ్యాహ్నమైంది. వంట సంగతి ఇద్దరం మరిచిపోయాం. అత్త కుక్కర్‌లో అన్నం పడేసింది. కింద కర్రీ పాయింట్‌లో ఏవైనా కూరలు తెస్తానని నేను చెప్పులేసుకున్నాను. హాస్టల్ పిల్లల వరుసలో నిలబడి దొండకాయ వేపుడు, పప్పుచారు కట్టించుకుని, మెట్లెక్కి వచ్చేసరికి పావుగంట పట్టింది. తలుపు ఓరగా ఉంది. బయటికి అదే పాట వినిపిస్తోంది. రిమోట్‌తో మళ్లీ మొదటికి తిప్పడం ఎప్పుడు నేర్చుకుందో ఏమో. లోపలికి వెళ్లి, పొట్లాలు పట్టుకుని, తెర మీది బాతులను చూస్తూ టీవీ ముందే ఆగిపోయాను.

"జరుగు గ్రేసూ, అడ్డం నిలవడకు" అంది ఎస్తేరత్త, మెడ పక్కకు చాచి. "కనవడ్తలేదు."